అంగల లెక్క

గణితశాస్త్రానికీ, నాకు ఇంజనీరింగ్ పట్టా ఇచ్చిన మహానుభావులకీ శిరసు వంచి క్షమాపణలు. మా ఇంటి కప్పు విషయంలో మీ పరువు నిలబెట్టలేకపోయాను.

మోకాలి ఆపరేషన్ అయ్యాక పెంకుల మేస్త్రీ మావయ్య ఒప్పుకున్న మొదటి పని మా ఇల్లే. టేపు ముట్టడు. ఇంటి పొడవూ వెడల్పూ అంగలు వేసి చూసి, "పన్నెండు వందల పెంకులు" అన్నాడు.

నేను టేపుతో కొలిచి, "వెయ్యిన్నీ యాభై చాలు మావయ్యా" అన్నాను.

"ఒరేయ్ ఇంజనీరూ! నా అంగ ముప్పై అంగుళాలు. నలభై ఏళ్ళుగా వెంట్రుకవాసి మారలేదు. ఒక్క పెంకు మిగిలినా నిచ్చెన నీకిచ్చేసి ఇంట్లో కూర్చుంటా, సరేనా?"

పన్నెండు వందలే దిగాయి. ఆయన పైన పరిచాడు, నేను కిందనుంచి అందించాను. ఐదో రోజు సాయంత్రం చివరి పెంకు చివరి మూలలో కూర్చుంది. కింద ఒక్కటంటే ఒక్కటి లేదు.

"ఏమోయ్ అల్లుడూ, నీ టేపు ఏమంటోంది?"

"నోరు మూసుకుంది మావయ్యా."

ఆయన మీసం దువ్వుకుని, పక్కవీధిలో ఇంకో కప్పు ఒప్పుకోవడానికి కుంటుకుంటూ బయల్దేరాడు.

మొదటిరోజే తడిమట్టిలో ఆయన అడుగుజాడలు కొలిచాను. అంగ ఇరవై ఎనిమిది అంగుళాలే ఉంది. ఆయనకు చెప్పలేదు. మధ్యాహ్నం ఆయన కునుకు తీసినప్పుడల్లా, రోజుకు ముప్పై పెంకుల చొప్పున మోసుకెళ్ళి పెరట్లో కట్టెల వెనక దాచాను. నేను చేసిన ఘనకార్యం అదొక్కటే.