గుంత లేని ఇల్లు

నరసింహులు ఇంట్లో అడుగు పెడుతూనే శివకృష్ణ కనుబొమలు ముడిచాడు.

"మగ్గం యాడప్పా?" అని అడిగాడు.

"తీసేసినా సార్."

"మరి గుంత?"

"పూడ్చేసినా." నరసింహులు గోడకేసి చూస్తూ అన్నాడు.

శివకృష్ణ పొద్దున్నే హిందూపురంలో రైలెక్కి ధర్మవరం వచ్చాడు. హిందూపురంలో నలుగురూ తలా కొంత వేసి పెట్టుకున్న నిధి ఒకటుంది. చుట్టుపక్కల ఊళ్లలోని వీధి సంఘాలకు, చిన్నాచితకా సేవాసంస్థలకు అది ఏటా గ్రాంటు ఇస్తుంది. అడిగినవాళ్ల అవసరం నిజమో కాదో చూసి రావడం శివకృష్ణ పని. పోయినేడు ఒక సంఘం కుట్టుమిషన్లు తీసుకుని ఎంచక్కా అమ్ముకుంది. "నీ కండ్లు ఏం చేస్తాండాయబ్బా?" అని అధ్యక్షుడు హనుమంతరాయుడు నలుగురిలో కడిగేశాడు. అప్పటినుంచి శివకృష్ణ ఎవర్నీ ఒక పట్టాన నమ్మడం లేదు.

ఈసారి వడపోతలన్నీ అయ్యాక రెండే మిగిలాయి. ఒకటి, పెనుకొండ కుర్రాళ్లు అడిగిన వ్యాయామశాల. రెండోది, ధర్మవరంలో ఈ నేతగాళ్ల వీధి సంఘం అడిగిన మూతలు. మగ్గం కింద నేతగాడు కాళ్లు దించుకుని తొక్కే గుంత ఉంటుంది కదా, వీధిలో ఇంటింటా ఆ గుంతలకు గట్టి చెక్కమూతలు కావాలట. ఆ సంఘానికి పెద్ద నరసింహులే.

వీధి తిప్పి చూపించినంతసేపూ అతను బాగానే మాట్లాడాడు. ప్రతి ఇంట్లోనూ గుంత పక్కన గొంతుక్కూర్చుని లోతు చూపించాడు.

"వానలొస్తే గుంతల్లో నీళ్లూరతాయి సార్. ఇండ్లల్లో పసిపిల్లోళ్లు ఉండారు. మనిషి మగ్గం దిగితే చాలు, మూత పడాల. ఈ వానలకు ముందే పడాల."

మూత ఎంత బరువుండాలో, గడియ ఎటువైపు పెట్టాలో కూడా చెప్పాడు. శివకృష్ణ మనసు కరిగింది. గ్రాంటు వీళ్లకే ఇప్పించాలని దాదాపు అనేసుకున్నాడు. చివర్లో "మీ ఇల్లు కూడా చూడాలప్పా, అది మా పద్ధతి" అన్నాడు. ఆ మాటతో నరసింహులు మొహం పాలిపోయింది.

చూస్తే, ఇదీ సంగతి. మగ్గం కట్టెలు ఓ మూలన నిలబెట్టి ఉన్నాయి. గది మధ్యలో ఒకచోట మాత్రం సిమెంటు కొత్తగా కనిపిస్తోంది. గోడకు కొత్త చెక్కమూత ఒకటి ఆనించి ఉంది.

"గుంతే లేని ఇంట్లో మూతెందుకప్పా?"

"మాదిరికని మా బామ్మర్ది చేసిచ్చినాడు సార్. కట్టెల మిల్లులో పనిచేస్తాడు."

"మిగతా మూతలు కూడా ఆయనే చేస్తాడా?"

"ఊ."

ఓహో, అనుకున్నాడు శివకృష్ణ. కుర్చీ గది మధ్యకు లాక్కుని కూర్చున్నాడు. అంతే, లోపల్నుంచి నరసింహులు భార్య రేఖ విసురుగా వచ్చింది.

"ఆడ కూచోవద్దు సార్. లెయ్యండి."

ఇంటికొచ్చిన మనిషికి మంచినీళ్లివ్వలేదు సరికదా, కూర్చున్నవాణ్ణి లేపింది. శివకృష్ణకు ఒళ్లు మండింది. లేచి నిలబడే అడిగాడు.

"నేత మానేసి ఏం చేస్తాండావు?"

"పవర్‌లూమ్‌లో కూలికి పోతాండా."

"పిల్లలు?"

నరసింహులు మళ్లీ గోడకేసి చూశాడు. గుమ్మం దగ్గర నిలబడ్డ పక్కింటి ముసలామె హనుమక్క ఏదో చెప్పబోయి, రేఖ వైపు చూసి ఆగిపోయింది.

"లేరు సార్," అన్నాడు నరసింహులు.

శివకృష్ణకు అంతా తేటతెల్లమైపోయింది. మగ్గం లేదు, గుంత లేదు, పిల్లల్లేరు. బామ్మర్దికి పని ఇప్పించుకోవడానికే ఈ పాట్లన్నీ! ఇంకొంచెమైతే మళ్లీ పప్పులో కాలేసేవాణ్ణి అనుకుంటూ స్టేషన్‌కు వచ్చేశాడు. ప్లాట్‌ఫారం మీదినుంచే హనుమంతరాయుడికి ఫోన్ చేశాడు.

"మంచిపని చేసినావబ్బా. గ్రాంటు ప్రకటించే సభలోనే ఉండా. పెనుకొండోళ్లకేనని ఇప్పుడే మైకులో చెప్పేస్తా."

ఈసారి తన కళ్లు మోసపోలేదు. చాన్నాళ్లకు శివకృష్ణకు గుండె తేలికైంది.

అంతలో హనుమక్క సంచీ పట్టుకుని వచ్చి పక్కన కూర్చుంది. పెనుకొండలో కూతురింటికి పోతోందట.

"మూతలు వానలకు ముందే వస్తాయా నాయనా?"

"రావవ్వా. ఇప్పుడే వేరేవాళ్లకు ఇచ్చేసినారు. మీ నరసింహులుకు గుంతే లేదు, బిడ్డలూ లేరు. మూతల మీద ఆయనకు అంత ఆరాటమేమి? ఆ మాత్రం కనుక్కోలేననుకున్నాడు."

ముసలామె అతని వైపు తిరిగింది.

"ఆయప్ప నీకు చెప్పలేదా?"

"అడిగితే గోడకల్లా చూస్తాండె."

"యాడ చెప్తాడులే. రేఖ ముందర ఎవురూ ఆ మాట ఎత్తకూడదని వీధంతా అనుకున్నాం. నేనన్నా నిన్ను బయటికి పిల్చి చెప్పాల్సింది, పాపిష్టిదాన్ని."

ఆమె కొంగుతో కళ్లొత్తుకుంది. దూరంగా రైలు కూత వినిపించింది.

"ఏ మాటవ్వా?" అన్నాడు శివకృష్ణ.

"నువ్వు కుర్చీ ఏసుకున్న చోటే నాయనా వాళ్ల గుంత ఉండింది, పోయిన వానల్లో దాంట్లో నీళ్లూరింటే, పాకుతా పాకుతా పొయ్యి వాళ్ల పాప ఆడనే పడి సచ్చిపాయె."