రాతి గులాబీకి తనిఖీ

"తాజా పువ్వా, ఎండిన పువ్వా?" అని అడిగాడు మొక్కల తనిఖీ కౌంటరులోని అధికారి, ఫారం మీంచి తలెత్తకుండానే.

"రాయండీ!" అంది శిలాజాల పరిశోధకురాలు, అరచేతిలో పట్టేంత పలకను బల్లమీద పెట్టి.

అధికారి పెన్ను మూత తీశాడు. "ఏమని రాయమంటారు?"

"రాయమనడం లేదయ్యా. అది రాయి అంటున్నాను. మూడు కోట్ల ఏళ్ల కిందటి గులాబీ."

"రాయైతే పక్క కౌంటరు."

పక్క కౌంటరులో రాళ్లూ రప్పలూ చూసే ఉద్యోగి మెడ సాచి పలకను చూశాడు. "రేకులున్నాయిగా. మాది కాదు," అని మళ్లీ టీ కప్పు అందుకున్నాడు.

ఆమె విమానం దిగి అప్పటికే గంటైంది. పదకొండింటికి సభ. గులాబీలు పుట్టిన కొత్తలోనే వాటిమీద పురుగులు వాలేవనీ, పుప్పొడి మోసేవనీ పదకొండేళ్లుగా గొంతు చించుకుంటోంది. "పువ్వు సరే, పురుగేదమ్మా?" అని పెద్దలంతా నవ్వుతున్నారు. ఇవాళ కూడా నవ్వితే ఆమె పరిశోధనశాలకు తాళమే.

"ఎండిన పువ్వు అని రాసుకోండి. త్వరగా పంపించండి," అంది.

"మట్టి ఉందా? మట్టి అంటుకున్న పువ్వును వదలకూడదు."

"అంటుకోవడమేమిటి, అదంతా మట్టే! మట్టే గట్టిపడి రాయైంది!"

"మీరే ఒప్పుకున్నారు," అంటూ అధికారి పలక పట్టుకుని వెనక గదిలోకి వెళ్లి తలుపు గడియ పెట్టుకున్నాడు. మరుక్షణం లోపల్నుంచి బ్రష్షుతో బరబరా తోముతున్న చప్పుడు.

ఆమెకు పై ప్రాణాలు పైనే పోయాయి. తలుపు దబదబా బాదింది. "అది అంట్ల గిన్నె కాదయ్యా! ఆపు!"

"మీదేమైనా ముఖ్యమైన వస్తువా?" అని అడిగాడు టీ కప్పు ఉద్యోగి.

అరగంట తర్వాత తలుపు తెరుచుకుంది. అధికారి మొహం ధుమధుమలాడుతోంది.

"ఇందులో పురుగుందమ్మా."

ఆమె అతని చేతిలోని భూతద్దం లాక్కుంది. పలక మీద పొలుసులాంటి పొర ఒకటి ఊడిపోయింది. దాని అడుగున, రెండు రేకుల మధ్య, నువ్వుగింజంత పురుగు. కాళ్లకు పుప్పొడి ముద్ద!

ఆమె ఉన్నచోటే ఎగిరి గంతేసింది. "నీ కడుపు చల్లగుండ! నువ్వు నా పాలిట దేవుడివయ్యా! పురుగుందని కాగితం మీద రాసివ్వు. తేదీ వెయ్యి, సంతకం పెట్టు, ముద్ర కొట్టు!"

పువ్వుకు పురుగు పట్టిందంటే లబోదిబోమనేవాళ్లనే చూశాడు గానీ, ఎగిరి గంతేసే మనిషిని చూడటం అతనికిదే మొదటిసారి. రాసి, ముద్ర కొట్టి ఇచ్చాడు.

కాగితం మడిచి గుండెలకు హత్తుకుని, పలకను రెండు చేతులా ఎత్తుకుని ఆమె గుమ్మం దాకా వెళ్లింది. అంతలో అనుమానమొచ్చి వెనక్కి తిరిగింది.

"పురుగున్నా దీన్ని లోపలికి వదిలేస్తున్నారేం?"

"మీకేం భయం లేదమ్మా, మందు కొట్టేశాను," అన్నాడు అధికారి చేతులు తుడుచుకుంటూ. "కాకపోతే మహా మొండిది. రెండోసారి కొట్టేదాకా కాళ్లు ఆడిస్తూనే ఉంది."