ఆ రోజు ఊళ్లో లేనివాళ్లు

గాలయ్యను ఎవరు చంపారో తమకు తెలియదని పొద్దుటి నుంచి ముప్పై ఒక్క మంది కెమెరాకు చెప్పారు.

మర్రిగూడ మండలంలోని ఆ ఊరికి గాలయ్య సర్పంచ్. ఆరేళ్ల కిందట పట్టపగలు, నడిబజారులో నరికేశారు. కేసు తేలలేదు. రెండు పార్టీలూ ఒకదాన్నొకటి తిట్టుకుని, చెరొక సంతాప సభ పెట్టి ఊరుకున్నాయి.

ఇప్పుడు దీప్తి అనే డైరెక్టర్ ఆ హత్య మీద సినిమా తీస్తోంది. సగం ఊరివాళ్ల మాటలు, సగం నటన.

మాట్లాడే ప్రతి మనిషి ఎదుటా గాలయ్య భార్య గోవిందమ్మ కూర్చుంది. ఎవరైనా నోరు విప్పుతారేమోనని వాళ్ల ముఖాల్లోకే చూసింది. ఒక్కొక్కరు లేచి వెళ్లాక చెంబెత్తి నీళ్లు తాగింది. ఒకరు ఆ రోజు పెళ్లికి పోయారట. ఒకరు దవాఖానకు. ఆ లెక్కన మనుషులే లేని ఊళ్లో గాలయ్య చనిపోయాడు.

"మీ హోటల్ ముందే కదా జరిగింది?" దీప్తి మల్లయ్యను అడిగింది.

"గందుకే బంద్ వెట్టిన మేడం."

"జరగకముందే పెట్టారా?"

"జర చాయ్ తాగుండ్రి మేడం."

దీప్తి గోవిందమ్మ చేయి పట్టుకుంది. "మీ అబ్బాయితో కూడా మాట్లాడాలమ్మా."

"వెంకన్న భీవండిల ఉంటడు బిడ్డా. వానికేం తెల్వది. ఆ దినం వాడు ఊర్లనే లేడు."

సాయంత్రం నటన మొదలైంది. గాలయ్య వేషం కట్టిన నటుడి పొట్ట చూసి మల్లయ్య, "గింత బొర్ర లేకుండె మా సర్పంచికి," అన్నాడు. అందరూ నవ్వారు. గోవిందమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆ రోజు మీరు ఊళ్లోనే ఉంటే ఎక్కడ నిలబడేవారో అక్కడ నిలబడండి," అంది దీప్తి.

ఎవరూ తడుముకోలేదు. మల్లయ్య హోటల్ షట్టర్ సగం దించి, దాని వెనక వంగి కూర్చున్నాడు.

"యాక్షన్!"

ముఖానికి తువ్వాల కట్టుకున్న నటుడు నాలుగు వేట్లు వేసి పరుగందుకున్నాడు. పోలీసు కాగితాల ప్రకారం హంతకుడు పారిపోయింది దేవరకొండ రోడ్డు వైపు. దీప్తి అటే చెయ్యి చూపించింది. అటు వైపు జనం కదలలేదు. ఇటు వైపు ఆడవాళ్లు మాత్రం ఎవరూ చెప్పకుండానే పిల్లలను దగ్గరికి లాక్కుని, పాలకేంద్రం పక్క సందుకు దారి ఇచ్చారు. నటుడు దారి ఉన్న వైపే దూరాడు.

ఆ సందులో ఉన్నది ఒక్కటే ఇల్లు, ఆ రోజు నెత్తుటి చొక్కాతో కొడుకు లోపలికి రాగానే గోవిందమ్మ గడియ పెట్టిన ఇల్లు.