బ్రేకా, హారనా

"ముందుగాల బ్రేక్ కొట్టినవా అర్షద్, హారన్ కొట్టినవా? గదొక్కటి చెప్పు," అన్నాడు జమాలుద్దీన్, ఫోనులో రికార్డింగ్ నొక్కి.

అర్షద్ నోరు తెరిచేలోపే నాజ్నీన్ అడ్డుపడింది. "ఏదీ కొట్టలేదన్నా. మా ఆయన బండిలోనే లేడు."

జమాలుద్దీన్ కఫీల్ తరఫున, అంటే వీసా ఇచ్చిన సౌదీ యజమాని తరఫున, కాగితాల పనులు చూసే మనిషి, మహబూబ్‌నగర్ వాడు. అర్షద్‌ది రాయచోటి. బురైదా బయట కఫీల్‌కున్న ఖర్జూరం తోటలో డ్రైవరు. నిన్న సాయంత్రం తోట పికప్పు గుద్ది ఒక కూలీ చచ్చిపోయాడు. నడిపింది కఫీల్ కొడుకు. బండి మాత్రం అర్షద్‌కు అప్పగించినట్టు రాసి ఉంది. ఇక ఈ ఇంట్లో ఎవరి నోటినుంచైనా అర్షదే నడిపాడని ఒప్పుకున్నట్టు ఒక్క మాట దొరికితే చాలు, కొడుకు ఇంట్లో ఉంటాడు, అర్షద్ జైల్లో ఉంటాడు.

మందు వేసుకోవాలని చెప్పి నాజ్నీన్ మొగుణ్ణి వంటింట్లోకి తీసుకుపోయింది. చంకలో మూడేళ్ల కూతురు అఫ్షాన్.

"నువ్వు నడిపినావా అని ఆయన అడగడు, చూడు," అంది గొంతు తగ్గించి. "దీనికి అన్నం పెట్టేటప్పుడు నేనేం చేస్తా? తింటావా అంటే వద్దంటాది. పప్పుతోనా, పెరుగుతోనా అంటే పెరుగంటాది. కొత్తగా అడిగిందాని మీదికే బుర్ర పరిగెత్తుతాది. ముందుమాటను ఎప్పుడో ఒప్పుకున్నట్టు మింగేస్తాది. నువ్వు చివరిది ఇనొద్దు. మొదటిది ఇను."

అర్షద్ తలూపాడు. జ్వరానికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

జమాలుద్దీన్ మళ్ళీ మొదలుపెట్టాడు. గుద్దినప్పుడు రోడ్డు మీద దుమ్ముందా, ఆ కూలీ ఏ పక్కనుంచి అడ్డమొచ్చాడు, బండి ఆపి దిగావా, దిగకుండానే వచ్చేశావా. అర్షద్ ప్రతి ప్రశ్నలోనూ ముందుమాటను పట్టుకున్నాడు. నేను నడపలేదు, మధ్యాహ్నం అసర్ నమాజు యాళకే జ్వరంతో ఇంటికొచ్చినా అని ఒకటే మాట చెప్పాడు. అటు తిప్పి ఇటు తిప్పి అడిగినా అదే మాట.

"మీ ఆమె ఉండంగ నీకు వకీలెందుకు," అని నవ్వాడు జమాలుద్దీన్. తర్వాత ఆ నవ్వు కూడా పోయింది. తనకూ పిల్లలున్నారని, ఇది తన వల్ల కాదని కఫీల్‌కు చెప్పేస్తానని అన్నాడు. నాజ్నీన్‌కు నిన్నటి నుంచి బిగబట్టిన ఊపిరి వదులైంది. లేచి పాలు లేని సులేమానీ చాయ్ పెట్టి తెచ్చింది.

చాయ్ తాగి అతను అర్షద్ నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు. ఒళ్ళు కాలిపోతోందని, మనిషి సగమైపోయాడని అన్నాడు. నిన్నటి నుంచి ఎవరూ అర్షద్ ఎట్లున్నాడని అడగలేదు.

గడప దగ్గర, రికార్డింగ్ ఆపని ఫోను చేతిలోనే పట్టుకుని చెప్పులు వేసుకుంటూ, సొంత అన్నలాగా మెల్లగా అడిగాడు.

"గుద్దినంక ఇంటికొచ్చి ఏమన్న తిన్నడా చెల్లె, ఉత్త కడుపుతోనే పన్నడా?"

"ముద్ద ముట్టలేదన్నా," అంది నాజ్నీన్ కళ్ళు తుడుచుకుంటూ. "వచ్చినోడు వచ్చినట్టే పండుకున్యాడు."