పట్టీలు వెనకవైపు

పార్సిల్‌ను వీరన్నే విప్పాడు. నడుముకున్న కత్తి తీసి, అట్టపెట్టె మీది టేపును ఒక్క గీతలో కోసేశాడు. లోపలివి ఒక్కొక్కటే తీసి, తిప్పి చూసి, చాప మీద పెట్టాడు. తెల్లటి గట్టి ప్లాస్టిక్ ముక్కలు. ఒకటి ఛాతీలా ఉంది. ఒకటి మోకాలిచిప్పలా ఉంది.

"ఏంది సారూ ఇది? మనిషిని ముక్కలు జేసి పంపినారే!"

"అంతరిక్ష యోధుడి కవచం. ముక్కలు కలిపి మనమే చేసుకోవాలి," అన్నాడు బాలసుబ్రహ్మణ్యం. "బడిలో సైన్సు పండగ వస్తోంది. డ్రిల్లు సారు వేసుకుంటాడు."

వీరన్న నవ్వి, కత్తి మళ్లీ నడుముకు దోపుకున్నాడు.

బాలసుబ్రహ్మణ్యం సైన్సు టీచరు. పోయిన ఎన్నికల రోజున వేముల దారిలో సంజీవయ్య అనే పోలింగు ఏజెంటును నరికి చంపారు. చూసినవాడు ఈయనొక్కడే. ఆ కేసులో గొర్రెలు కాసుకునే గంగులయ్య జైల్లో ఉన్నాడు. సోమవారం ప్రొద్దుటూరు కోర్టులో సాక్ష్యం చెప్పాలి. సమన్లు వచ్చిన మర్నాడే వీరన్న జమ్మలమడుగులోని ఈ ఇంటికి వచ్చి, వసారాలో మంచం వేసుకున్నాడు. అప్పటినుంచి సారు గడప దాటలేదు.

వీరన్న కాపలా గట్టిది. పాలు తనే తెస్తాడు. సారు ఫోను తన దగ్గరే పెట్టుకున్నాడు. పెరటి తలుపుకు తాళం వేసి, తాళంచెవిని మొలతాడుకు కట్టుకున్నాడు. ఈ కవచం కిట్టు కూడా బడి సామాను అని సారు వీరన్నను అడిగి తెప్పించుకున్నదే.

"ఎవుర్నీ నమ్మే కాలం గాదు సారూ," అంటాడు.

మొదట్లో బాలసుబ్రహ్మణ్యానికి గోడలు దగ్గరికి జరుగుతున్నట్టు అనిపించేది. తర్వాత అదీ పోయింది. కిటికీ తెరవాలంటే ముందు వసారా వైపు చూడడం అలవాటైంది. దగ్గు వస్తే కండువా అడ్డం పెట్టుకుంటున్నాడు. ఎందుకో తనకే తెలియదు. భయం తన పక్కనే కూర్చుని, తనతోపాటు అన్నం తింటున్నట్టుండేది.

ఒక పొద్దున గంగులయ్య భార్య చిన్నసుబ్బమ్మ గేటు పట్టుకుని నిలబడింది.

"సారూ, నీ కాళ్లు మొక్కుతా..."

ఇంకో మాట రాకముందే వీరన్న ఆమెను వీధి చివరిదాకా తరిమి వచ్చాడు.

"ఆయమ్మ మొగం సూడొద్దు సారూ. మనసు మెత్తబడతాది."

బాలసుబ్రహ్మణ్యం చూడలేదు. ఛాతీ ముక్క అంచును గరుకు కాగితంతో రుద్దుతూ ఉండిపోయాడు. అంచు ఎప్పుడో నునుపెక్కింది. ఆయన చెయ్యి ఆగలేదు.

కొలతలకు వీరన్నే నిలబడ్డాడు. డ్రిల్లు సారుది కూడా అదే ఒడ్డూ పొడుగూ అని సారు చెప్పాడు. మెడ, భుజాలు, నడుము. కుడిచేతి దగ్గరికి వచ్చేసరికి టేపు ఆగిపోయింది.

"భయమెందుకు సారూ? నేనుండా గదా," అంటూ వీరన్న ఆ చెయ్యి పైకెత్తాడు.

బాలసుబ్రహ్మణ్యం టేపు వైపు చూడకుండానే కొలత రాసుకున్నాడు.

కిట్టులో పట్టీలు ముందువైపు బిగించుకునేలా ఉన్నాయి. ఆయన వాటిని ఊడదీసి, వీపు మీదికి మార్చి, రివెట్లు కొట్టాడు.

"ముందరుంటేనే సులువు గదా?"

"అందం చెడుతుంది వీరన్నా."

"చేతి తొడుగుల్లో యేళ్లు గూడా మడవడంలే."

"యోధుడికి ఆయుధం చేతిలోనే బిగించి ఉంటుంది. మడిచే పని లేదు."

వీరన్నకు కవచం మీద మనసైంది. సాయంత్రాలు తనే పక్కన కూర్చుని జిగురు అందించేవాడు. హెల్మెట్టును మోకాలి మీద పెట్టుకుని తట్టేవాడు.

"దీనికి పార్టీ రంగు పూద్దామా సారూ?"

"ఏ పార్టీది?"

"ఎవురు గెలిస్తే వాళ్లది!"

ఇద్దరూ నవ్వారు. తన నవ్వు తనకే కొత్తగా వినిపించి, బాలసుబ్రహ్మణ్యం ఆగిపోయాడు.

సోమవారం పొద్దున వీరన్న మోటారుసైకిలు తుడిచి వాకిట్లో పెట్టాడు.

"యేం చెప్పాల్నో గుర్తుండాది గదా?"

"ఉంది."

"నేను ఎదురుగానే కూసోనుంటా. నన్ను జూస్తా చెప్పు. తడబాటుండదు."

బాలసుబ్రహ్మణ్యం తలూపాడు. తర్వాత చాప వైపు చూశాడు.

"పోయే ముందు ఒక్కసారి వేసుకో వీరన్నా. ఫోటో తీసి డ్రిల్లు సారుకు పంపుతాను."

వీరన్న ఆ మాట కోసమే కాచుకున్నట్టు లేచాడు. కత్తి స్టూలు మీద పెట్టాడు. ఫోను సారు చేతికిచ్చాడు. కాళ్లు, తొడలు, ఛాతీ, చేతులు. సారు వెనక నిలబడి ఒక్కో పట్టీ లాగి బిగించాడు. చివరికి హెల్మెట్టు టక్కుమని కూర్చుంది.

"సారూ, శానా బిగువుగా ఉంది. కదిలేకే రావడంలే." గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుంది.

"కాసేపే వీరన్నా. అలవాటవుతుంది."

ప్రొద్దుటూరులో బస్సు దిగి, బాలసుబ్రహ్మణ్యం ఒక్కడే కోర్టు మెట్లెక్కాడు. వేళ్లకు జిగురు ఇంకా అంటుకునే ఉంది. నిందితుడి బోనులో గంగులయ్య తల దించుకుని నిలబడి ఉన్నాడు. వెనక బెంచీ మీద చిన్నసుబ్బమ్మ చెంగు నోట్లో కుక్కుకుంది.

ఆయన సాక్షి బోనులోకి ఎక్కాడు. అలవాటుగా అనుమతి కోసం ఎదురుగా చూశాడు. అక్కడ ఎవరూ లేరు.

"సంజీవయ్యను నరికిన మనిషిని మీరు కళ్లారా చూశారా?" అడిగాడు ప్రభుత్వ వకీలు.

"చూశాను."

"ఆ మనిషి ఇప్పుడు ఈ కోర్టులో ఉన్నాడా?"

"లేడండీ," అన్నాడు బాలసుబ్రహ్మణ్యం, "నరికిన ఆ వీరన్నను మా ఇంట్లో కవచంలో బిగించి వచ్చాను, పట్టీలు వెనకవైపు ఉన్నాయి కాబట్టి పోలీసులే వెళ్లి విప్పాలి."