గురవమ్మ సామెతలు

దీప్తి చేతిలోని ఫోను అందుకుని గురవమ్మ అందులోని కుర్రాడి ఫొటో వైపే చాలాసేపు చూసింది.

"ఎర్రగా ఉందని మిరపపండు బుగ్గన పెట్టుకుంటామా తల్లీ?" అంది చివరికి.

"నీకెందుకు మామ్మా? ఇటియ్యి!" దీప్తి విసురుగా ఫోను లాక్కుంది.

ప్రత్తిపాడు పక్కన మిరప కల్లం అది. మాఘమాసపు ఎండలో ఆ ఎరుపు మీద సన్నటి ఆవిరి ఆడుతుంటే, తొడిమలు తుంచుతున్న దీప్తికి నేలంతా తన పెళ్ళిచీరలా కనిపించేది. ఆ ఆవిరిలోంచే ఫొటోలోని నాగేంద్రబాబు నవ్వుతూ నడిచొచ్చేవాడు.

పరిచయమై నాలుగు నెలలు. శనివారం అతనితో హైదరాబాదు వెళ్ళిపోవాలి. ఇంట్లో ఎవరికీ తెలియదు.

గురవమ్మ పనికొచ్చి పది రోజులైంది. ఏ ఊరో చెప్పదు. ఏమడిగినా సామెతే.

"దూరపు కొండలు నునుపు."

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల?"

"నీకు సూటిగా మాట్లాడ్డం రాదా మామ్మా?" అని కసిరింది దీప్తి.

గురవమ్మ ఏదో చెప్పబోయింది. తలొంచుకుని మళ్ళీ తొడిమలు తుంచసాగింది.

శనివారం మధ్యాహ్నం దీప్తి సంచి పట్టుకుని బస్టాపుకు వచ్చేసరికి గురవమ్మ అక్కడుంది. కల్లంలో తను ఫోనులో మాట్లాడింది వినే ఉంటుంది.

"బస్సెక్కమాక తల్లీ. నీకు దణ్ణం పెడతా."

ఈసారి సామెత లేదు. దీప్తి చెయ్యి విదిలించుకుంది. గురవమ్మ గుండె పట్టుకుని నేల మీదికి ఒరిగిపోయింది.

గుంటూరు బస్సు వచ్చి ఆగింది. దీప్తి బస్సును చూసింది, ముసలామెను చూసింది. ఆటోను పిలిచింది.

ఆసుపత్రి వరండాలో ఉండగా నాగేంద్రబాబు ఫోను.

"ఎక్కడ చచ్చావ్? గుంటూరు బస్టాండులో గంట నుంచి నించున్నా!"

"మాతో పనిచేసే మామ్మకి గుండెనొప్పొచ్చింది. ఒక్కతే ఉంది, పాపం..."

"ఎవరో ముసల్ది చస్తే నీకేంటి? వదిలేసి రా!"

ఆ గొంతు దీప్తి ఎన్నడూ వినలేదు. ఎవరో తట్టి లేపినట్టయింది. "రాను," అని ఫోను కట్టేసింది.

ఆ మాట చెబుదామని లోపలికి పరుగెత్తింది. నర్సు గురవమ్మ ముఖం మీదికి దుప్పటి లాగుతోంది.

కొంగుముడిలో దొరికిన నంబరుకు కబురు వెళ్ళింది. పొద్దుగూకే వేళకు వేటపాలెం నుంచి చంకలో పసిపిల్లతో ఒకామె వచ్చి, మంచం మీద పడి ఏడ్చింది.

"మా అత్తమ్మా! నన్నూ పిల్లనీ వదిలేసి పోయిన కొడుకుని ఎతుక్కుంటా ఊరూరూ తిరగతా ఉండింది."

పిల్లను అందుకుంటూ దీప్తి అడిగింది: "మీ ఆయన పేరేంటక్కా?"

"నాగేంద్రబాబు," అంది ఆమె కళ్ళు తుడుచుకుంటూ.