కప్పగంతులు

ఠేకేదారు పైడిరాజు పిల్లలకి బంతి కొనిచ్చాడంటే ఊళ్లో మురిసిపోని తల్లి సీత ఒక్కతే.

మిగతా తల్లులు పొద్దున్నే పిల్లల ముఖాలు కడిగి మరీ ఆటకి తోలేస్తున్నారు. సీత మాత్రం ఆరేళ్ల కోసిని గడప దాటనివ్వదు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని బోరింగు దగ్గర ఆడవాళ్లు నవ్వుకుంటారు. నవ్వుకోనీ. వాళ్ల మొగుళ్లు బతికే ఉన్నారు.

సీత మొగుడు కేసా మొన్నటి ఎండాకాలంలో ఇప్పపూలకని అడవి బాట పట్టి, మట్టిలో ఎవరో పాతిపెట్టిన బాంబు మీద కాలేశాడు. పామేడు అవతలి అడవుల్లో అది కొత్త సంగతేమీ కాదు. అందుకే అక్కడివాళ్లు బాట పడితే ముందు గొడ్లను తోలి, వెనక నడుస్తారు. ఆ రోజు కేసా తొందరలో ఒంటరిగా పోయాడు. ఆవు కొట్టంలో నెమరేస్తూ ఉండిపోయింది. ఇప్పటికీ ఉంది.

ఇప్పుడు ఆ బాట మీదే రోడ్డు వేస్తున్నారు. కాంట్రాక్టు పైడిరాజుది. రోడ్డొస్తే పురిటి మనిషిని మంచం మీద మోసుకుపోయే బాధ తప్పుతుంది కాబట్టి ఊరంతా సంతోషించింది. కానీ పైడిరాజు వచ్చి, "మా బళ్ల ముందు తోలడానికి గొడ్లనివ్వండమ్మా, కిరాయి ఇస్తాను" అని ఇల్లిల్లూ తిరిగితే మాత్రం ఎవరూ పలకలేదు. సాగు ముందుంది. గొడ్డు పోతే ఎవడు తెచ్చిస్తాడు? సీత కూడా తల అడ్డంగా ఊపింది.

పైడిరాజు కోప్పడలేదు. ఊరంతా జాతరకి పోయి వచ్చేసరికి చల్లటి కబురు చెప్పాడు. పోలీసులు మిషన్లతో వచ్చి బాటంతా గాలించి పోయారట. ఇక గొడ్లతో పని లేదట, ఏ భయమూ లేదట. ఆ మర్నాడే బంతీ, బిస్కెట్లూ తెచ్చాడు.

"ఏమ్మా సీతా, పిల్లనలా కట్టేసి పెంచితే ఎలాగమ్మా? వాళ్లకి ఆడుకునే వయసు కదా," అన్నాడు ఒకనాడు ఇంటి ముందు ఆగి.

"నా భయం నాది సారూ. నాకున్నది ఈ ఒక్క బిడ్డే."

"మా ఊళ్లో నాకూ మనవలున్నారు తల్లీ. ఆ మాత్రం తెలీదా?"

కోసి గుంజ పట్టుకుని, బయట వినిపించే కేకలకి మెడ సాచి చూస్తోంది. సీత గుండె తరుక్కుపోయింది. అయినా పాము కరిచిన మనిషి తాడుని చూసినా జడుస్తుంది. పైపెచ్చు, ఊరికే పిల్లలకి బిస్కెట్లు పంచే మగవాణ్ని నమ్మొచ్చా? అదీ ఆమె అనుమానం.

మర్నాడు చాటుగా వెళ్లి పొదల వెనక నిలబడి చూసింది. పైడిరాజు ఒక్క పిల్లనీ ముట్టుకోలేదు. దగ్గరికి కూడా పిలవలేదు. మోకాళ్ల నొప్పులంటూ జీపు పక్కన కుర్చీ వేసుకుని, అక్కడి నుంచే బంతి బాట మీదికి విసిరేవాడు. పిల్లలు గోలగా దాని వెనక ఉరికేవాళ్లు. అంతే. సీతకి తన మీద తనకే అసహ్యమేసింది. ఎంత పాడు బుద్ధి తనది!

ఆ మర్నాడు కోసిని వదిలింది.

పిల్ల మధ్యాహ్నానికి ఎర్రమట్టిలో పొర్లి, బిస్కెట్ పొట్లంతో వచ్చి, ఎప్పుడూ లేనిది రెండోసారి అన్నం అడిగింది.

"ఏం ఆట ఆడిండ్రే?"

"కప్పగంతులు! ఒకళ్ల వెనక ఒకళ్లు పోవద్దు. బాట నిండా పరుచుకొని దుంకాలె. ఎంత గట్టిగ దుంకితే అన్ని బిస్కెట్లు. తాత చెప్పిండు."

"ఇదేం ఆటే!" అని సీత పగలబడి నవ్వింది. కేసా పోయాక ఆమె అలా నవ్వడం అదే మొదలు.

రోజుకింత చొప్పున ఆట ముందుకి జరిగింది. మొదట మద్దిచెట్టు దాకా. తర్వాత వాగు దాకా. పిల్లలు ఆడి వచ్చిన చోటికి మధ్యాహ్నం బళ్లు వెళ్లేవి.

ఈ రోజు వాగు అవతలి మలుపు. కేసా పడిపోయిన చోటు అక్కడికి దగ్గరే. పొద్దున కోసి చెప్తే సీత ఒక్క క్షణం ఆగింది. తర్వాత తనే సర్దుకుంది. గాలించి పోయారు కదా. ఎన్నాళ్లని భయపడటం? పిల్ల జుట్టు దువ్వి, "పో బిడ్డా, నువ్వే ముందుండాలె," అంది.

పిల్లలు వెళ్లాక ఆమెకి ఊరుకోబుద్ధి కాలేదు. అంత మంచి మనిషికి ఇన్నాళ్లూ ఒక్క మంచిమాటయినా చెప్పలేదు. తునికి పండ్లు ఆకుదొప్పలో పోసుకుని జీపు దగ్గరికి బయలుదేరింది.

అడ్డంగా టిప్పర్ ఆగి ఉంది. గీదం నుంచి నిన్ననే వచ్చిన కొత్త డ్రైవర్ మంగ్లూ కింద నిలబడి ససేమిరా ఎక్కనంటున్నాడు. సీత టిప్పర్ వెనకే ఆగింది. మలుపు అవతలి నుంచి కోసి కేకలు వినిపిస్తున్నాయి. అందరికంటే ముందు దాని గొంతే.

"సాబ్, ఆ రాస్తాలో పోలీసులు ఇంకా వెతకలేదంట కదా. ముందు గొడ్లనన్నా తోలిండ్రా?" అన్నాడు మంగ్లూ.

"గొడ్లనడిగితే ఈ ఊళ్లో ఒక్కళ్లూ ఇవ్వలేదురా, బంతి కొనిస్తే పిల్లల్నిచ్చారు," అన్నాడు పైడిరాజు, మలుపు వైపు చెవి పెట్టి వింటూ.